మిర్చి యార్డులో రేంజ్‌ఫైండర్ ఫోకస్ తప్పకుండా ఎలా తీయాలి?

డిజిటల్ రేంజ్‌ఫైండర్ (వ్యూఫైండర్‌లో కనబడే రెండు బొమ్మల్ని చేత్తో కలిపి ఫోకస్ చేసే కెమెరా) ఏదైనా ఫర్వాలేదు, లెన్స్ మాత్రం 35 మి.మీ. ఒక్కటే. 28 పెడితే కళ్లజోడు ఉన్నవాళ్లకు వ్యూఫైండర్‌లో ఫొటో హద్దులు చూపే అంచు గీతలు కనబడవు, 90 పెడితే ఆ గీతల పెట్టె మరీ చిన్నదైపోతుంది. లెన్స్ ఇంటి దగ్గరే బిగించుకోండి. గుంటూరు యార్డులో విప్పితే మిర్చి దుమ్ము నేరుగా సెన్సర్ మీదికే. మూత తీశారో లేదో చూసుకోండి; వ్యూఫైండర్ లెన్స్ గుండా చూడదు, మూత ఉన్నా అన్నీ చక్కగా కనబడతాయి.

ఎండలో ఐఎస్ఓ 200, అపర్చర్ ఎఫ్/8, షట్టర్ 1/1000. ఎరుపు ఇట్టే మాడిపోతుంది కాబట్టి వెలుగు కాస్త తక్కువగానే ఉంచండి.

అందరూ బోల్తా పడేది ఫోకస్ దగ్గరే. వ్యూఫైండర్ నడుమ చిన్న వెలుగు పెట్టెలో రెండు బొమ్మలుంటాయి. రింగు తిప్పితే ఒకటి అడ్డంగా జరిగి రెండోదాని మీద కూర్చోవాలి. అడ్డంగానే జరుగుతుంది కనుక నిలువు గీత కావాలి: కాటా స్తంభమో, ముక్కు అంచో. అడ్డగీతే దిక్కయితే కెమెరాను నిలువుగా తిప్పి కలిపి, మళ్లీ మామూలుగా పట్టుకోండి.

టిక్కీల (మిర్చి బస్తాల) వరస ఇంకా మోసం. కుట్లన్నీ ఒకేలా ఉంటాయి. పక్క కుట్టు వచ్చి ఈ కుట్టు మీద కూర్చున్నా కలిసినట్టే ఉంటుంది. కలిపాక లెన్స్ మీది దూరం అంకె చూడండి. టిక్కీ రెండు మీటర్లలో ఉంటే అంకె ఏడు మీటర్లు చూపిస్తోందా? దాన్ని వదిలేసి హమాలీ ముఖం మీద కలపండి.

ఎఫ్/2లో మీటరు దూరాన పదునుండేది దాదాపు 10 సెంటీమీటర్లే. కలిపాక ఊపిరి పీల్చి ముందుకు వాలినా పోయింది. 0.7 మీటర్ల కంటే దగ్గర ఈ పెట్టె పనికిరాదు, మిరపకాయ క్లోజప్పులు వేరే కెమెరాతో తీసుకోండి.

నడిచే హమాలీలకు రింగు ముందే 3 మీటర్ల దగ్గర పెట్టి వదిలేయాలి. ఎఫ్/8లో రెండు నుంచి ఆరు మీటర్ల దాకా పదును వస్తుంది. ఆటోఫోకస్ వాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. వాళ్లకు టిక్కీ మోసే మనిషి చట్రంలోకి వచ్చాకే కనబడతాడు. మనకు గీతల బయట ఉండగానే కనబడతాడు.

ఎంత జాగ్రత్తపడినా ముఖాల వెనకే పదునొస్తుంటే, విజయవాడలో ప్రకాశం బ్యారేజీ ఈ చివర నిలబడి, రింగును అనంతం దాకా తిప్పి, ఆ చివరి దీపస్తంభం చూడండి. కిలోమీటరుకు పైనే దూరం. స్తంభం రెండుగా కనబడితే తప్పు మీ చేతిది కాదు, రేంజ్‌ఫైండర్ సెట్టింగ్‌ది. దాన్ని సరిచేసే స్క్రూ మీరు తిప్పకండి. దూరంలో సరిచేస్తే దగ్గర తప్పుతుంది. మెకానిక్‌కి ఇచ్చి రెండు చోట్లా చూపించుకోండి.