ఇంటర్ ఫలితాలకు ముందు: ఒంటరిగా కౌన్సెలింగ్ చేస్తున్న ట్రైనీలకు జాగ్రత్తలు

అమీర్‌పేట ప్రాంతంలోని ఒక హాస్టల్‌లో ఈమధ్య ఒక విద్యార్థిని ప్రాణం మీదికి తెచ్చుకుంది. తోటి అమ్మాయి సమయానికి చూడటం వల్ల బతికింది. రెండు రోజుల ముందే ఆమె చనిపోవాలన్న తన ఉద్దేశాన్ని అక్కడ కౌన్సెలింగ్‌కు వచ్చే ఎమ్మెస్సీ సైకాలజీ విద్యార్థినికి చెప్పుకుంది. "అక్కా, ఎవరికీ చెప్పనని మాటివ్వు" అని అడిగితే ఆ ట్రైనీ మాట ఇచ్చింది, ఇచ్చిన మాట నిలబెట్టుకుంది కూడా.

ఓపికగా వినాలి, తీర్పులు చెప్పరాదు వంటివి మీకు క్లాసులోనే చెప్పి ఉంటారు కనుక వదిలేస్తున్నాను. నేను చూసిన ట్రైనీలలో దురుద్దేశం ఉన్నవారు అరుదు. చాలామందిని ముంచినది "ఎవరికీ చెప్పను" అన్న ఒక్క మాటే. ట్రైనీ పనిని చూసుకునే అర్హత గల సీనియర్, అంటే సూపర్‌వైజర్, ఉన్నచోట ప్రతి కేసూ మరొకరి ముందుకు వెళుతుంది కనుక ఆ మాట ఇవ్వడానికి వీలే ఉండదు. సూపర్‌వైజర్ లేనిచోట ఏది దాచాలో, ఏది చెప్పాలో తేల్చే భారమంతా ఇరవై రెండేళ్ల పిల్ల మీద పడుతుంది.

చట్టం కూడా ఆ మాటను సమర్థించదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్‌లో గోప్యతను హక్కుగా చెబుతూనే, ప్రాణాపాయం తప్పించడానికి అవసరమైనంత మేరకు వెల్లడించే వీలు కల్పించింది. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమంది పద్దెనిమిది నిండనివారే. వారిపై లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, దాచితే ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. కాబట్టి మొదటి సెషన్ మొదటి అయిదు నిమిషాల్లోనే, ఏ విషయాలు మీ దగ్గర ఆగవో చెప్పండి. ఎవరికీ చెప్పనని మాత్రం అనకండి.

సూపర్‌వైజర్ దొరకకపోతే ఈ పని మానేయమంటే, "నేను మానేస్తే ఈ పిల్లలకు ఎవరు దిక్కు?" అని మీరు అడగవచ్చు. అందులో నిజం లేకపోలేదు, కానీ ఆ నిజాన్ని ఎక్కువగా వాడుకునేది అర్హత గల కౌన్సెలర్ జీతం మిగుల్చుకునే హాస్టల్ యాజమాన్యమే.

మీరు ట్రైనీ అని తలుపు మీద రాయించండి. భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ)లో నమోదు లేకుండా క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకోకండి. జబ్బు పేరు పెట్టకండి, మాత్రల జోలికి పోకండి. సెషన్ నోట్సు వార్డెన్ చేతికి ఇవ్వకండి. ప్రమాదం ఉంటే ఆ ఒక్క సంగతే చెప్పండి. కేసు వివరాలు వాట్సాప్ గ్రూపులో పెట్టి సలహా అడగడం సూపర్‌విజన్ కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 గోడ మీద ఉండాలి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు ఎత్తితే తల్లిదండ్రులు ముఖం చిట్లిస్తారు, అయినా ఎత్తండి. చనిపోవాలని ఉందన్న పిల్లను గదిలో ఒంటరిగా వదలకండి. రాత్రి రెండింటికి "ప్రామిస్ చెయ్యి అక్కా" అని మెసేజ్ వచ్చినా సరే, ఎవరికీ చెప్పనని అనకండి.

తెలంగాణ ఇంటర్ ఫలితాలు 2024లో ఏప్రిల్ 24న, 2025లో ఏప్రిల్ 22న వచ్చాయి. మార్చి ముగిసేలోపు అర్హత గల ఒక సీనియర్‌ను అడిగి, మీ కేసులు చూడటానికి వారానికి ఒక గంట ఇస్తామన్న ఒప్పుకోలు రాతలో తీసుకోండి. ఎవరూ ఒప్పుకోకపోతే ఆ గది తాళం చెవి తిరిగి ఇచ్చేయండి.