ఉప్పు పెరిగే నెలలకు ముందు: రొయ్యల మేతలో నూనె జాగ్రత్తలు

ఎండలు ముదిరి చెరువులో ఉప్పుశాతం పెరిగిందంటే రొయ్య ఎదుగుదల మందగిస్తుంది. అప్పుడు చాలామంది మేతకు నూనె పట్టించడం మొదలుపెడతారు. నూనె వద్దని నేను అనను. అయితే ఏ నూనె, ఎంత, ఎంత తాజాది అన్నది ముందే తేల్చుకోకపోతే మేలుకన్నా కీడే ఎక్కువ జరుగుతుంది.

మొదట నీటి లెక్క చూసుకోండి. 120 సెంటీమీటర్ల లోతున్న చెరువులో 35 పీపీటీ (కిలో నీటిలో 35 గ్రాముల ఉప్పు) నీరు ఉందనుకుందాం. అందులో 20 సెంటీమీటర్లు ఆవిరైతే మిగిలిన నీటిలో ఉప్పు 42 పీపీటీకి చేరుతుంది. ఆ లోటును 35 పీపీటీ సముద్రపు నీటితో నింపినా అది దిగేది 41 దగ్గరికే. పాత నీరు తీయకుండా నింపుతూ పోతే ఉప్పు పేరుకుంటూనే ఉంటుంది. తక్కువ ఉప్పున్న నీరు దొరుకుతుందా, కొంత నీరు మార్చే వీలుందా అన్నది ఎండలకు ముందే చూసుకోవాలి. ఈ పని నూనె చేయలేదు.

మన చెరువుల్లో ఎక్కువగా పెంచే వెనామీ రకం రొయ్య రక్తం గాఢత సుమారు 25 పీపీటీ నీటి గాఢతతో సమానం. నీరు అంతకు మించి ఉప్పెక్కిన కొద్దీ మొప్పల ద్వారా లవణాలను బయటికి తోడడానికి రొయ్య అదనపు శక్తి ఖర్చు చేస్తుంది. దాంతోపాటు కండరాల్లో గ్లైసిన్, ప్రోలిన్ వంటి అమైనో ఆమ్లాలను కూడబెట్టుకుంటుంది. ఇవి మాంసకృత్తుల నుంచి రావలసినవి. అందుకే ప్రొటీన్ తక్కువున్న చౌక మేత తెచ్చి, ఆ లోటు నూనెతో పూడ్చుదామనే ఆలోచన ఈ నెలల్లో అసలు పెట్టుకోవద్దు.

నూనెలన్నీ ఒకటి కావు. రొయ్యకు కావలసిన ఈపీఏ, డీహెచ్‌ఏ కొవ్వు ఆమ్లాలు చేప నూనెలో నేరుగా దొరుకుతాయి. మొప్పల్లోని కణ పొరలు సరిగ్గా పనిచేయడానికి ఇవి అవసరం. సోయా నూనెలో లినోలిక్ ఆమ్లం, అవిసె నూనెలో లినోలెనిక్ ఆమ్లం ఎక్కువ. కానీ వాటిని ఈపీఏ, డీహెచ్‌ఏలుగా మార్చుకునే శక్తి రొయ్యకు చాలా తక్కువ. పామాయిల్, కొబ్బరి నూనెలు శక్తినిస్తాయి గానీ ఈ ఆమ్లాలను ఇవ్వవు. ఇక కొలెస్ట్రాల్‌ను రొయ్య సొంతంగా తయారుచేసుకోలేదు. గుల్ల విడవడానికి కావలసిన హార్మోను దాని నుంచే పుడుతుంది. మొక్కల నూనెల్లో అది దాదాపు ఉండదు. కాబట్టి చేప పొడి బాగా తగ్గించిన మేత వాడేవారు అందులో కొలెస్ట్రాల్, లెసిథిన్ (కొవ్వు ఒంటపట్టడానికి తోడ్పడే పదార్థం) కలిపారో లేదో తయారీదారును అడిగి తెలుసుకోవాలి.

మోతాదు దగ్గర చేయి అదుపులో ఉండాలి. మేతలో మొత్తం కొవ్వు 6 నుంచి 8 శాతం ఉంటే చాలు, 10 దాటితే ఎదుగుదల తగ్గుతుంది. 6 శాతం కొవ్వున్న కిలో మేతకు 50 మిల్లీలీటర్ల నూనె పట్టిస్తే అప్పటికే 10కి చేరినట్టే. సంచి మీద రాసిన కొవ్వు శాతం చూడకుండా నూనె కొలవకండి. చిన్న పిల్ల దశలో చెరువులోని డయాటమ్ (కంటికి కనిపించని నాచు) వంటి సహజ ఆహారం నుంచే ఈపీఏ కొంత అందుతుంది, అప్పుడు తొందర అక్కర్లేదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది చెడిపోయిన నూనె. చేప నూనె వేడికి, వెలుతురుకు, గాలికి ఇట్టే పాడవుతుంది. సరిగ్గా ఎండాకాలంలోనే మనం దాన్ని రేకుల షెడ్డులో సగం ఖాళీ డబ్బాల్లో ఉంచుతాం. అలాంటి నూనె మేతలోని విటమిన్ ఇ ని హరిస్తుంది, రైతులు లివర్ అని పిలిచే హెపటోపాంక్రియాస్‌ను దెబ్బతీస్తుంది. తాజా చేప నూనెకు చేప వాసన ఉంటుంది. రంగు డబ్బా తెరిచినట్టు ఘాటు వాసన వస్తే పారవేయండి, ధర గురించి ఆలోచించకండి. నూనె పాడవడం మొదలైందని చూపే పెరాక్సైడ్ విలువ ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండవద్దు. బాగా పాతబడిన నూనెలో అది మళ్లీ తగ్గుతుంది, అందుకే ఆ తర్వాతి దశ పాడును చూపే అనిసిడిన్ విలువ కూడా అడగాలి. పది పదిహేను రోజులకు సరిపడే చిన్న డబ్బాలే కొని నీడలో, చల్లగా, మూత బిగించి ఉంచండి. వేపుళ్లకు వాడిన వంట నూనెను మేతకు దగ్గరికే రానివ్వకూడదు.

కలిపేటప్పుడు ఖనిజ లవణాలను నూనెలో వేయకండి. ఇనుము, రాగి నూనెను త్వరగా పాడుచేస్తాయి. ఖనిజ లవణాలను మేతకు అంటించే జెల్‌తో ముందుగా పట్టించి, నీడలో ఆరనిచ్చి, ఆపైన నూనె పలుచగా పూయండి. ఆ పూటకు కావలసినంతే కలపాలి, మిగిలింది మర్నాటికి దాచవద్దు.

చివరిగా ఆక్సిజన్ సంగతి. 30 డిగ్రీల వేడిలో మంచినీరు లీటరుకు 7.5 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకోగలిగితే సముద్రపు నీటికి అది 6 పైచిలుకే. ఉప్పు పెరిగితే ఇంకా తగ్గుతుంది. నీటికి గాలి అందించే ఏరియేటర్లను ముందే బాగుచేయించుకోండి. మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలో మేత మిగిలినా, మేత వేసిన చోట నీటిపై నూనె పొర తేలినా, గుల్ల విడిచే రోజుల్లో మేత తీసుకోవడం తగ్గినా వెంటనే నూనె ఆపి, మేత తగ్గించి, తెల్లవారుజామున ఆక్సిజన్ కొలవండి.