రోజుకో ముగ్గు, పక్కనే ఒక నోట్‌బుక్

మొన్నటి ధనుర్మాసంలో అమ్మకి మోకాళ్లు పట్టేశాయి. కింద కూర్చుంటే లేవలేదు, గుమ్మం ముందు ముగ్గు పడకపోతే ఆవిడకి కాఫీ గొంతు దిగదు, అందుకని ఆ పని నా మీద పడింది. నలభై దాటిన మగాణ్ణి, అప్పటిదాకా ముగ్గుపిండి డబ్బా ఇంట్లో ఎక్కడుంటుందో కూడా తెలియదు. మొదటిరోజు నేను వేసింది చూసి అమ్మ ఏమీ అనలేదు, తలుపు మాత్రం కాస్త దగ్గరగా వేసింది.

పండగ అయిపోయింది, అమ్మ మోకాళ్లూ కుదుటపడ్డాయి, నేను మాత్రం మానలేదు. ఆ ఇరవై నిమిషాల్లో కొన్ని రోజులు ఒళ్లు తెలిసేది కాదు, పాలవాడు వచ్చి వెళ్లినా వినపడేది కాదు. మిగతా రోజుల్లో మనసు ఎటు పారిపోతోందో నేలమీద తెల్లగా, ఎవరైనా చూడగలిగేలా కనిపించేది. ఈ రెండోది నేను అసలు ఊహించలేదు. మీకూ ఇలాంటిది ఒకటి కావాలనిపిస్తే ఎలా మొదలుపెట్టాలో నాకు తెలిసినంత చెప్తాను. బొమ్మలు గీయడం రాకపోయినా ఇబ్బంది లేదు, నాకూ రాదు.

ఆ ఒళ్లు తెలియకపోవడాన్ని ఇంగ్లీషులో ఫ్లో అంటారు, ముందు ఆ మాట సంగతి. మనవాళ్లు 'ఒళ్లు మరిచి పనిలో పడిపోయాడు' అంటారే, అదే. మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి అని హంగేరీ మూలాలున్న అమెరికన్ మనస్తత్వవేత్త ఒకాయన 1960ల్లో షికాగోలో చిత్రకళ విద్యార్థుల్ని గమనించాడు. వాళ్లు బొమ్మ వేస్తున్నంతసేపూ తిండీ నిద్రా పట్టనట్టు ఉండేవాళ్లట, తీరా అది పూర్తయ్యాక పక్కన పడేసి ఇంకోటి మొదలుపెట్టేవాళ్లట. ఫలితం మీద మోజు లేకుండా పనిలో అంత సుఖం ఏముందా అని ఆయన మొదలుపెట్టిన వెతుకులాటే తర్వాత ఫ్లో అయింది. ముగ్గు వేసేవాళ్లకి ఇది వింతేమీ కాదు, పొద్దున వేసింది సాయంత్రానికి చెప్పుల కింద పోతుందని తెలిసే కదా కూర్చుంటారు.

ఆయన చెప్పిన వాటిలో మనకి పనికొచ్చేవి మూడు. చేయాల్సిందేమిటో స్పష్టంగా తెలియాలి, తప్పు చేస్తే అప్పటికప్పుడు తెలిసిపోవాలి, పని మన చేతి సత్తాకి సరిపోయేంత కష్టంగా ఉండాలి. మరీ సులువైతే విసుగు, మరీ కష్టమైతే టెన్షన్. కవిత్వం రాద్దామనో నవల మొదలుపెడదామనో కూర్చున్నవాళ్లు వారంలో లేచిపోవడానికి ఈ మూడూ కుదరకపోవడం ఒక పెద్ద కారణం అనుకుంటాను, రాసింది బాగుందో లేదో ఆర్నెల్లకి గానీ తెలియదు మరి. చుక్కల ముగ్గులో అయితే చుక్క తప్పిందంటే తప్పినట్టే, ఎవర్నీ అడగక్కర్లేదు.

సరే, సామాన్లు. ముగ్గుపిండిలో బియ్యప్పిండి ఉంది, తెల్లరాయి పొడి ఉంది. ఒట్టి బియ్యప్పిండి కొత్తవాళ్ల చేతిలో ఉండలు కడుతుంది, చీమలకి మాత్రం పండగ. రాతిపిండి అయితే పావు వంతు జల్లించిన సన్న ఇసుక కలపండి, వేళ్ల మధ్య నుంచి జారడం ఒక్కసారిగా సులువవుతుంది. నేనిది నాలుగో రోజుకి గానీ తెలుసుకోలేదు, మొదటి మూడు రోజులూ తప్పంతా నా చేతిదే అనుకున్నాను. జల్లించేటప్పుడు మొహం పక్కకి పెట్టుకోండి, ఆ దుమ్ము పీల్చేది కాదు.

నేల కొంచెం తడిగా ఉండాలి. ఊళ్లో అయితే కళ్లాపి, ఫ్లాట్‌లో అయితే తడిగుడ్డ. నీళ్లు నిలిస్తే గీత కరిగి పాకుతుంది, పూర్తిగా ఆరిపోతే ఫ్యాన్ గాలికే లేచిపోతుంది. తెల్ల టైల్స్ మీద ముగ్గు కనపడదు కాబట్టి ఆ బాధ ఉన్నవాళ్లు పలకా బలపం కొనుక్కోండి, నిజంగానే చెప్తున్నాను. అమెరికాలో డ్రైవ్‌వే మీద సుద్దముక్కతో వేసే మా చెల్లెలికీ అదే సలహా ఇచ్చాను, చలికాలంలో బయటికి పోలేదు కదా పాపం.

పిండి గుప్పిట్లో ఎక్కువ పట్టుకోకండి. బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా జరుగుతుంటే ఆ సందులోంచి పిండి రాలాలి. చెయ్యి నేలకి రెండు మూడు వేళ్ల ఎత్తులో ఉంటే గీత సన్నగా వస్తుంది, పైకి లేచేకొద్దీ చెదురుతుంది. మణికట్టు తిప్పడం కాదు, చెయ్యి మొత్తం కదలాలి. గొంతుక్కూర్చోలేనివాళ్లు చిన్న పీట వేసుకోండి, ఇందులో పరువు సమస్యేమీ లేదు.

ఇక చుక్కలు. పాత నోట్‌బుక్కుల్లో '7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు' అని రాసి ఉంటుంది చూడండి. మధ్య వరసలో 7 పెట్టి, దానికి పైనా కిందా వాటి సందుల్లోకి వచ్చేలా 6, తర్వాత 5, తర్వాత 4 పెట్టాలన్నమాట, మొత్తం 37 చుక్కలు. అక్కడ మొదలుపెట్టకండి. '5 చుక్కలు, సందు చుక్క, 3 వరకు' అంటే 19 చుక్కలే, మొదటి వారానికి అది చాలు. చుక్కకీ చుక్కకీ బెత్తెడు ఎడం ఉంచండి. మధ్య వరస సరిగ్గా పడితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి, అది వంకరపోతే ఏం చేసినా దండగ.

చుక్కలు పెట్టడమే అసలు పని అని నాకు చెప్పింది మా వాచ్‌మన్ భార్య. రోజూ గేటు ముందు ఆవిడ వేసే ముగ్గుకి పది నిమిషాలు కూడా పట్టదు. ఒకరోజు నా అవస్థ చూసి నిలబడింది. "గీత దిక్కు చూడకు సార్, చుక్క దిక్కు చూడు. గీత అదే పోతది." ఆ మాట ఆ రోజు అర్థం కాలేదు. తర్వాత గమనిస్తే, గీస్తున్న చోట చూపు పెడితే చెయ్యి వణుకుతోంది, వెళ్లాల్సిన చుక్క మీద పెడితే వణకట్లేదు. బండి నడిపేటప్పుడు ముందు చక్రాన్ని చూడం కదా, అదే ఇదీ.

చుక్కలు కలిపే ముగ్గులు రెండు వారాలు వేశాక మెలికల ముగ్గులోకి రండి. నాకు ఒళ్లు మరిచిపోవడం అనేది నిజంగా తెలిసింది ఇందులోనే. ఇక్కడ గీత చుక్కల్ని తాకదు, వాటి చుట్టూ తిరుగుతూ పోయి మొదలైన చోటికే రావాలి. మొదట్లో రెండే వరసలు చాలు, మూడేసి చుక్కలు ఎదురెదురుగా పెట్టండి. గీతకి నియమాలు రెండే. పక్కపక్క చుక్కల మధ్యకి, పైకింది చుక్కల మధ్యకి వచ్చినప్పుడల్లా తిరగకుండా ఏటవాలుగా దాటిపోవాలి. అంచుకి వస్తే అక్కడున్న చుక్కని బయటి నుంచి చుట్టి లోపలికి రావాలి. అలా పోతే ఏడు చోట్ల గీత తనని తాను దాటుతుంది, చెయ్యి ఎత్తకుండా మొత్తం పూర్తవుతుంది. మొదటిసారి అది కలిసినప్పుడు నేను ఒక్కణ్ణే కారిడార్‌లో కూర్చుని నవ్వుకున్నాను.

ఇందులో ఒక చిన్న లెక్క ఉంది. వరసలెన్ని, వరసకి చుక్కలెన్ని అనే రెండు అంకెల గ.సా.భా. (రెండిటినీ శేషం లేకుండా భాగించే అతిపెద్ద అంకె) ఎంతో, ఇలా అల్లిన ముగ్గుకి అన్ని గీతలు కావాలి. 3 వరసలు 4 చుక్కలైతే ఒక్క గీత, 3 వరసలు 3 చుక్కలైతే మూడు గీతలు, 4 వరసలు 6 చుక్కలైతే రెండు. ఏడో తరగతిలో కొట్టించుకుని నేర్చుకున్న గ.సా.భా. గుమ్మం ముందు పనికొస్తుందని ఎవరనుకున్నారు? మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి లాంటివాళ్లు 1970ల్లోనే ఈ ముగ్గుల అమరికని కంప్యూటర్ శాస్త్రంలోకి తీసుకెళ్లారు. అమ్మకి చెప్తే "అందుకే మీ అమ్మమ్మ చదువుకోకపోయినా తప్పు పోయేది కాదు" అంది, ఆ రెండిటికీ సంబంధం ఏమిటో నాకైతే తెలియలేదు, ఎదురు చెప్పలేదు.

ఎంత పెద్దది వేయాలి అనేది ఏ రోజుకా రోజు చూసుకోవాలి. చెయ్యి పోతూనే ఉండి మీరు ఆఫీస్ మెయిల్ గురించి ఆలోచిస్తున్నారంటే ముగ్గు మీకు చిన్నదైపోయింది, మర్నాడు 19 నుంచి 37కి, అక్కణ్ణుంచి 61కి (9 చుక్కలు, 5 వరకు) వెళ్లండి. దవడ బిగుసుకుని, ఊపిరి బిగబట్టి వేస్తున్నారంటే పెద్దదైపోయింది, వెనక్కి రండి. పండక్కి అందరూ వేస్తున్నారు కదా అని నేను ఒకసారి ఏకంగా 15 చుక్కలు 8 వరకు, అంటే 169 చుక్కల ముగ్గు మీదికి ఎగబడ్డాను. మూడో వంతులో వదిలేసి స్నానానికి పోయాను, ఆ రోజంతా ఇంట్లో అందరిమీదా చిరాకే.

ఫోన్ లోపల పెట్టి రండి. ఫొటో తీద్దామనే ఆలోచన ముగ్గు సగంలో వచ్చిందంటే ఇక ఆ రోజు చెయ్యి చూసేవాళ్ల కోసం వేస్తుంది. కావాలంటే మధ్యాహ్నం తీసుకోండి, అప్పటికి నలుగురు తొక్కి ఉంటారు, అదే మంచిది.

ఇప్పుడు నోట్‌బుక్ సంగతి. దీన్ని వదిలేస్తే మిగిలేది ఒట్టి హాబీ, నా ఉద్దేశంలో. ముగ్గు అయిపోయాక చెయ్యి కడుక్కుని, లోపలికి పోకముందే మూడు ముక్కలు రాయండి. గీత ఎక్కడ తప్పింది, అప్పుడు బుర్రలో ఏముంది, ఒంట్లో ఏ భాగం బిగుసుకుంది. అంతే. డైరీ లాగా పేజీలు పేజీలు రాయొద్దు, రాస్తే మళ్లీ కథలు అల్లడం మొదలవుతుంది, మనమే హీరో అవుతాం. 'పై ఎడమ మూల, పక్కింటాయన లిఫ్ట్ దగ్గరికి వచ్చాడు, భుజం' ఇలా ఉంటే చాలు.

మొదటి పది రోజులూ ఇది దండగ పనిలాగే అనిపిస్తుంది. నాకు ఇరవయ్యో రోజున వెనక్కి తిప్పి చూస్తే కనిపించింది, నా తప్పుల్లో సగానికి పైగా ముగ్గు చివరి భాగంలోనే ఉన్నాయి, అదీ సులువైన చోట. కష్టమైన మలుపులన్నీ బాగానే దాటి, 'అయిపోయింది' అనుకున్న దగ్గర్నుంచి తొందర. ఆఫీస్‌లో కూడా చివరి రెండు రోజుల్లో నేను చేసే తప్పులు గుర్తొచ్చాయి, ఇంట్లో మాట పూర్తికాకుండానే లేచిపోతానని నా భార్య పదేళ్లుగా అంటున్నదీ గుర్తొచ్చింది. ఆవిడ అన్నప్పుడు ప్రతిసారీ వాదించాను. నేలమీద ఉన్నదానితో ఏం వాదిస్తాం?

ఇంకోటి కూడా బయటపడింది. ఎవరైనా చూస్తున్నారంటే నా గీత లావైపోతుంది, గట్టిగా కనపడాలని కాబోలు. కోపంగా ఉన్న రోజున వేళ్లు బిగుసుకుని పిండి తెగితెగి రాలుతుంది. ఇవి నా చేతి గుర్తులు, మీవి వేరేగా ఉండొచ్చు, మీ నోట్‌బుక్కే చెప్పాలి.

తప్పు పోయినప్పుడు వెంటనే తడిగుడ్డ తీయకండి. చుక్కల ముగ్గైతే ఆ తప్పుని ఒక ఆకుగానో మొగ్గగానో మార్చి, అవతలి వైపు కూడా అలాంటిదే పెడితే సరిపోతుంది. మెలికల్లో ఆ సౌకర్యం లేదు, తప్పింది తప్పినట్టే ఉంచేసి చివరిదాకా వెళ్లండి, గీత ఎక్కడికి తేలుతుందో చూడండి. వదిలేసి లేవాలనిపిస్తుంది. ఆ లేవాలనిపించడం ఎన్నో నిమిషంలో వచ్చిందో అది కూడా రాసుకోండి.

రోజూ ఒళ్లు మరిచిపోతామనుకుంటే నిరాశే. నాకు నెలకి ఏడెనిమిది సార్లు అవుతుందేమో. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చున్న రోజున మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. ముగ్గు కుదరదనుకునేవాళ్లు కుట్లు, క్రోషే, వీణ మీద సరళీ స్వరాలు, ఏదైనా తీసుకోండి, చేతికి పని ఉండి, తప్పు అక్కడికక్కడే తెలిసేదై, అరగంటలో ముగిసేదైతే చాలు.

నేను ఇప్పుడు 7 వరసలు, 8 చుక్కల మెలిక మీద ఉన్నాను. 56 చుక్కలు, ఒకటే గీత. పదకొండు రోజులైంది, ఒక్కసారీ కలవలేదు. నోట్‌బుక్ ప్రకారం అందులో ఎనిమిది సార్లు గీత తప్పింది ఐదో వరస దాటాక, కింద పేపరు కట్ట పడిన చప్పుడు వినపడినప్పుడు. నిన్న ఆ చప్పుడు వచ్చేముందే చెయ్యి ఆగిపోయింది, దాని కోసమే వింటున్నానని అప్పుడు తెలిసింది.