తక్కువ సామాను ఇల్లు – నాలుగో పాఠం: ఖాళీ గోడ మీద మొదటి వస్తువు

మూడో పాఠం చివర చెప్పిన పని చేసి ఉంటే ఈపాటికి మీ హాల్లో సోఫా, టీపాయ్, టీవీ తప్ప ఏమీ ఉండవు. షోకేసులోని సామానంతా అట్టపెట్టెల్లోకి చేరింది. ఇంటికి వచ్చినవాళ్లలో ఒకరైనా "ఇల్లు మారుతున్నారా?" అని అడిగే ఉంటారు.

ఆ ప్రశ్నకు నొచ్చుకోకండి, అందులో కొంత నిజం ఉంది. సామాను తీసేసిన ఇల్లు ఒకటి, తక్కువ సామానుతో అమర్చిన ఇల్లు ఒకటి. రెంటికీ తేడా తెచ్చేది మనం తిరిగి పెట్టబోయే మూడు నాలుగు వస్తువులే. ఈ పాఠంలో గోడకు ఒకటి, బల్ల మీదికి ఒక చిన్న గుంపు. అంతకు మించి వద్దు. దుకాణానికి అసలే వెళ్లవద్దు. కావలసినవి చాలావరకు ఆ అట్టపెట్టెల్లోనే ఉన్నాయి.

ముందు వస్తువును కాదు, చోటును ఎంచుకోండి. పాతకాలపు మట్టిగోడల ఇళ్లలో దీపానికి గూడు కట్టేవారు. గోడ కట్టేటప్పుడే దీపం ఎక్కడ ఉండాలో తేలిపోయేది. జపాన్ సంప్రదాయ ఇళ్లలోనూ తొకొనొమా అనే చిన్న అర ఉంటుంది. అందులో వేలాడదీసిన ఒక చిత్రం, కింద ఒక పూల అమరిక, రుతువు మారితే అవీ మారతాయి. మన అపార్ట్‌మెంట్లలో గూడు లేదు కాబట్టి దాన్ని కళ్లతోనే వెతుక్కోవాలి. తలుపు తీసి లోపలికి అడుగు పెట్టండి. చూపు మొదట ఎక్కడ ఆగింది? తర్వాత మీరు రోజూ కూర్చునే చోట కూర్చోండి. ఎదురుగా ఏముంది? ఈ రెండు చోట్లలో ఒకటి చాలు. స్విచ్‌బోర్డు పక్కన, క్యాలెండర్ కింద ఉన్న చోటును మాత్రం ఎంచుకోకండి. అక్కడ ఏం పెట్టినా చూపు నిలవదు.

ఇక ఎత్తు. మనలో చాలామంది తప్పు చేసేది ఇక్కడే, ఆ తప్పుకు కారణమూ మన ఇళ్లలోనే ఉంది. తాతముత్తాతల ఫోటోలను గుమ్మం పైన, కాస్త ముందుకు వాలేలా తాడుతో కట్టేవాళ్లం. తలెత్తి దండం పెట్టుకోవడానికి అది సరైన ఎత్తు. ఆ అలవాటుతోనే చిత్రాన్ని కూడా ఫ్యాను రెక్కల దగ్గరకు ఎక్కించేస్తాం. చిత్రం నిలబడి చూసేవారి కంటికి ఎదురుగా ఉండాలి. దాని మధ్యభాగం నేల నుంచి సుమారు 58 అంగుళాల ఎత్తులో ఉంటే సరిపోతుంది.

లెక్క ఇలా వేయండి. ఫ్రేము ఎత్తు 24 అంగుళాలు అనుకుందాం, అందులో సగం 12. వెనక ఉన్న తీగను మేకుకు తగిలించినట్టు వేలితో పైకి లాగి, అక్కడి నుంచి ఫ్రేము పై అంచు దాకా కొలవండి. అది 3 అంగుళాలు అనుకుందాం. 58కి 12 కలిపి 3 తీసేస్తే 67. అంటే నేల నుంచి 5 అడుగుల 7 అంగుళాల దగ్గర మేకు. సోఫా పైన పెడుతుంటే ఈ లెక్కను పక్కన పెట్టండి. అక్కడ సోఫా వీపు పై అంచుకు, ఫ్రేము కింది అంచుకు మధ్య 6 నుంచి 8 అంగుళాలే ఉండాలి. అంతకు మించితే రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోని బంధువుల్లా ఉంటాయి. ఫ్రేము వెడల్పు సోఫా వెడల్పులో మూడింట రెండు వంతులు ఉంటే బాగుంటుంది. ఆరడుగుల సోఫాకు నాలుగడుగులన్నమాట.

మా హాల్లో పదడుగుల గోడకు నేను అడుగు కూడా లేని చేర్యాల నకాషీ చిత్రాన్ని తగిలించాను. దగ్గరికి వెళితే ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు ఎంతో అందంగా ఉన్నాయి. సోఫాలో కూర్చుని చూస్తే కవరు మీద అంటించిన తపాలా బిళ్ల. పైగా మేకు దిగింది కాంక్రీటు స్తంభంలో. మూడు మేకులు వంగాక డ్రిల్లు తెచ్చి కష్టపడి చేసిన రంధ్రం అది. ఇప్పటికీ అలాగే ఉంది. ఆ చిత్రం ఇప్పుడు పడగ్గది తలుపు పక్కనున్న రెండడుగుల గోడ మీద హాయిగా ఉంది.

మీకు ఆ రంధ్రం అక్కర్లేదు. ఫ్రేము కొలతకు పాత న్యూస్‌పేపర్ కత్తిరించి, గోడ రంగు ఊడని కాగితపు టేపుతో అంటించండి. రెండు రోజులు అలాగే ఉంచండి. పొద్దున కాఫీ తాగుతూ, రాత్రి ట్యూబ్‌లైటు వెలుగులో చూడండి. చిన్నదైతే ఇంకో కాగితం కలపండి. కుదిరిన తర్వాతే డ్రిల్లు. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా ఉన్న గోడను మాత్రం ముట్టుకోకండి, వైర్లు సాధారణంగా ఆ దారినే వెళతాయి.

ఇప్పుడు బల్ల మీది గుంపు. పెట్టెలోంచి మూడు వస్తువులు తీయండి, మూడూ ఒకే ఎత్తు కాకూడదు. మా టీవీ బల్ల ఎడమ చివర అమ్మమ్మగారి ఇత్తడి బిందె, దాని ముందు కాస్త పక్కగా ఏటికొప్పాక లక్క భరిణె, వాటికి జానెడు దూరంలో కొండపల్లి అంబారీ ఏనుగు ఉన్నాయి. బిందె మెరుస్తుంది, భరిణె నున్నగా ఉంటుంది, ఏనుగుకు మెరుపే లేదు. ఆ తేడా వల్లే మూడూ విడివిడిగా కనిపిస్తాయి. పొడవైనదాన్ని మధ్యలో పెట్టి అటొకటి ఇటొకటి పెడితే పూజగది అవుతుంది, హాలు కాదు. మిగతా బల్లంతా ఖాళీగా వదిలేయండి. రిమోటుకు కూడా అక్కడ చోటు లేదు.

కుదిరిందో లేదో తెలియకపోతే ఫోనుతో ఫోటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చండి. ఏ వస్తువు గోడలో కలిసిపోయిందో దాన్ని మార్చాలి. తెల్ల గోడ ముందు తెల్ల పింగాణీ ఇలాగే మాయమవుతుంది.

ఇత్తడి పాలిపోయినట్టు కనిపిస్తే చింతపండుతో తోమే ముందు బల్బు చూడండి. బల్బు పెట్టె మీద వెలుగు రంగును కెల్విన్‌లలో రాస్తారు. 6500 కెల్విన్ అని రాసి ఉన్న తెల్లని వెలుగులో ఇత్తడి జీవం కోల్పోతుంది. 2700 లేదా 3000 అని ఉన్న పసుపు వెలుగు బల్బును పక్క నుంచి వెలిగించండి. కొండపల్లి బొమ్మలు తేలికైన తెల్లపొణికి కర్రతో చేసినవి, తడిగుడ్డతో తుడిస్తే రంగు పోయే ప్రమాదం ఉంది. పొడి కుంచె చాలు. లక్క వేడికి మెత్తబడే పదార్థం, అందుకే భరిణెను ఎండ పడే కిటికీకి దూరంగా ఉంచండి.

నేల మీద ఏదైనా పరవాలనుకుంటే వరంగల్ జంపఖానా చక్కగా ఉంటుంది, సోఫా ముందు కాళ్లు దాని మీదికి వచ్చేంత పెద్దది తీసుకోండి. కుషన్లు రెండు చాలు. ప్లాస్టిక్ పూల గురించి నేనేమీ చెప్పను.

మిగిలిన వస్తువులను ఏం చేయాలని చాలామంది అడుగుతారు. బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో ఏం చేస్తారు? బొమ్మలు ఏడాదంతా పాత బట్టల్లో చుట్టి పెట్టెలో ఉంటాయి, పండగకు బయటికి వస్తాయి. పిల్లలు వాటిని కొత్తగా చూసినట్టే చూస్తారు. మీ పెట్టె మీద లోపలున్న వస్తువుల పేర్లు రాసి అటక ఎక్కించండి. మూడు నెలలకోసారి ఒకటి దించి, బల్ల మీదున్నదాన్ని ఒకటి పైకి పంపండి. రెండేళ్లు గడిచినా దించబుద్ధి కానిదాన్ని అడిగినవాళ్లకు ఇచ్చేయవచ్చు.

వచ్చే పాఠానికి ముందు చేయవలసిన పని: ఒక గోడ, ఒక న్యూస్‌పేపర్, రెండు రోజులు. తర్వాత బల్ల మీద మూడు వస్తువులు పెట్టి పది రోజులు వాటి జోలికి వెళ్లకండి. ఐదో పాఠం కిటికీ గురించి. అప్పటిదాకా కర్టెన్లు కొనకండి, ముందు కిటికీ కొలతలు తీసుకోవడం నేర్చుకుందాం.