వీధి చెట్టు వాడిపోతోందా? ముందు మొదలు చూడండి

మా వీధిలో ఒక కానుగ చెట్టు ఉంది. మూడేళ్ల కింద దాని పై కొమ్మలు ఎండడం మొదలైంది. పురుగు పట్టిందనుకుని తలా ఒక మందు పేరు చెప్పాం. ఒకాయన స్ప్రేయర్ కూడా తెచ్చాడు. తీరా చూస్తే, ఏడాది ముందు ఫుట్‌పాత్ వేసినప్పుడు కాండానికి ఆనించి సిమెంటు పోసేశారు. జబ్బు ఆకుల్లో లేదు, మేం నిలబడ్డ చోటే ఉంది.

అప్పటి నుంచి ఏ చెట్టు దగ్గరికి వెళ్లినా ముందు మొదలు చూస్తాను, తర్వాత కాండం, ఆ తర్వాతే తల ఎత్తుతాను. హైదరాబాద్ వీధుల్లో చూసి, చేసి నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. విజయవాడ, విశాఖ, వరంగల్‌లోనూ ఇవే చెట్లు, ఇవే బాధలు.

పై కొమ్మలు ఎండుతున్నాయి, ఆకు ఏటికేడు చిన్నదవుతోంది

నేను చూసిన వాటిలో ఎక్కువ చెట్ల బాధ ఇదే. చెట్టు వేరంటే పాతాళం దాకా దిగే తల్లివేరే మనకు గుర్తొస్తుంది. కానీ నీళ్లు, పోషకాలు లాగే పీచువేర్లు ఎక్కువగా పైన ఉన్న రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. కొమ్మలు పరుచుకున్నంత మేరా, దాన్ని దాటి కూడా పాకుతాయి. వాటికి నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. పైన సిమెంటు పరిస్తే రెండూ అందవు. వేర్లు చచ్చేకొద్దీ చెట్టు పై కొనల నుంచి ఎండుకుంటూ వస్తుంది. పోసిన నెలలోనే తెలిస్తే ఎవరైనా కారణం పట్టుకుంటారు. కనబడేసరికి ఏడాదో, రెండు మూడేళ్లో గడిచిపోతాయి, సిమెంటు సంగతి అందరూ మర్చిపోయి ఉంటారు.

పరిష్కారం ఆ సిమెంటు పగలగొట్టడమే. 2013 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర సిమెంటు తీసేయమని ఆదేశించింది. అది మన ఊరికి ఇచ్చిన ఆదేశం కాదు. అయినా కార్పొరేషన్‌కు అర్జీ పెట్టేటప్పుడు ఆ మాట రాయండి, ఇంజనీరుకు ఒక కొలత దొరుకుతుంది.

పని తొలకరికి ముందు పెట్టుకుంటే మంచిది. కాండం దగ్గర సుత్తి, ఉలి చాలు. బ్రేకర్ మిషన్ ఒక్కసారి జారితే బెరడు లేచిపోతుంది. పెళ్లలతో పాటు సిమెంటు పొడిని కూడా ఎత్తేయాలి. అది మట్టిని క్షారంగా మారుస్తుంది, చెట్టుకు ఇనుము అందదు. ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పసుపు రంగుకు తిరిగిందంటే ఆ అనుమానం పెట్టుకోవచ్చు. ఇల్లు కట్టేవాళ్లు సిమెంటు తట్టలు కడిగిన నీళ్లు చెట్టు పాదులో పారబోసినా ఇదే జరుగుతుంది. తర్వాత బొరిగెతో పై రెండు మూడంగుళాలు గుల్ల చేసి, బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. బొటనవేలి కంటే లావున్న వేరు తగిలితే దాన్ని కోయకండి. పైన మూడంగుళాల మందాన ఎండుటాకులు పరవండి, కాండానికి మాత్రం బెత్తెడు ఎడం ఉంచండి. మట్టిని కాండం మీదికి ఎగదోస్తే బెరడు తడికి కుళ్లుతుంది.

మా కానుగ తేరుకోవడానికి రెండు వానాకాలాలు పట్టింది. ఎండిన కొనలు తిరిగి రాలేదు. వాటి కింద నుంచి కొత్త చిగురు వచ్చింది.

వాన తర్వాత చెట్టు ఒక పక్కకు ఒరిగింది

ఒరిగిన ప్రతి చెట్టూ పడిపోదు. కాండం మొదట వంగి, పైకి వెళ్లేకొద్దీ నిటారుగా తిరిగి ఉంటే అది పాత వంపు, ఏళ్ల తరబడి చెట్టు సర్దుకున్నదే. కాండం మొత్తం ఒకే వాలులో ఉండి, వాలుకు అవతలి వైపు నేల ఉబ్బినా, పగుళ్లిచ్చినా అది కొత్తగా ఒరిగింది. అప్పుడు కింద బండి పెట్టకండి, పిల్లల్ని ఆడనివ్వకండి, అదే రోజు కార్పొరేషన్‌కు చెప్పండి. పైన కరెంటు తీగ ఉంటే చెట్టును ముట్టుకోకుండా 1912కు ఫోన్ చేయండి.

ఎక్కువసార్లు కారణం కేబుల్ కోసమో, మంచినీళ్ల పైపు కోసమో తవ్విన కందకం. ఒక పక్క వేర్లన్నీ తెగిపోయాక చెట్టు ఒంటి కాలి మీద నిలబడ్డట్టే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు నగరంలో కూలిన చెట్లకు లెక్కే లేదు. అంతటి తుపానును ఆపలేం గానీ, మామూలు ఈదురుగాలికే పడే చెట్లను మనం కాపాడుకోవచ్చు. మొదలు మందానికి పన్నెండు రెట్ల దూరం తవ్వకుండా వదలాలన్నది చెట్ల నిపుణులు పాటించే లెక్క. అడుగు మందం చెట్టుకు పన్నెండడుగులు. మన ఇరుకు వీధుల్లో అంత దూరం ఎక్కడా దొరకదు. కనీసం ఒకే వైపు తవ్వమని, చెట్టు దగ్గర జేసీబీ ఆపి చేత్తో తవ్వమని, పైపును పెద్ద వేర్ల కింద నుంచి దూర్చమని దగ్గరుండి అడగండి. నేను అడిగిన రెండుసార్లూ పనివాళ్లు విన్నారు. అంతకు ముందు వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే.

చిన్న చెట్టయితే వెంటనే నిటారుగా నిలిపి, రెండు వైపులా కర్రలు పాతి, పాత సైకిల్ ట్యూబుతో వదులుగా కట్టండి. ఏడాదిలోపు ఆ కట్లు విప్పేయాలి.

కొట్టేసిన చోట తొర్ర పడింది, పక్కన గుబురుగా రెమ్మలు లేచాయి

ఇది కత్తి చేసిన గాయం. తీగలకు తగులుతోందని చెట్టు తలను అడ్డంగా నరికితే, తిండి తయారు చేసే ఆకు పోతుంది, ఆకలితో చెట్టు పక్కల నుంచి రెమ్మలు తోస్తుంది. అవి పై పొరకే అతుక్కుని ఉంటాయి కాబట్టి లావయ్యాక గాలికి ఊడిపోతాయి. ప్రమాదం తగ్గించాలని నరికితే నాలుగేళ్లకు ప్రమాదం పెరుగుతుంది.

అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను కోసి లోపల పరిశీలించి, 1977లో ఒక సంగతి వివరించారు. మన చర్మంలా చెట్టు గాయాన్ని మాన్పుకోదు. దెబ్బ తిన్న కలప చుట్టూ లోపల గోడలు కట్టి, కుళ్లును అక్కడికే బంధించి, బయట కొత్త కలప పెంచుకుంటుంది. ఆ గోడ బాగా కట్టగలిగే చోటు కొమ్మ మొదట్లో ఉంగరంలా ఉబ్బి ఉండే భాగం.

అందుకే కొమ్మను ఆ ఉబ్బుకు కాస్త బయట కోయాలి. కాండానికి సమంగా చెక్కినా తప్పే, మూరెడు మోడు వదిలినా తప్పే. బరువైన కొమ్మకు మూడు కోతలు కావాలి. ముందు కాండానికి అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు, తర్వాత దానికి కాస్త అవతల పై నుంచి పూర్తిగా, చివరికి మిగిలిన మోడును ఉబ్బు దగ్గర. ఇలా చేస్తే కొమ్మ పడేటప్పుడు బెరడును చీల్చుకుపోదు. కోసిన చోట తారు, పెయింటు పూయకండి, తొర్రలో సిమెంటు నింపకండి. రెండూ తడిని లోపలే పట్టి ఉంచుతాయి. లేచిన రెమ్మల్లో మంచి చోట ఉన్న రెండు మూడింటిని ఉంచి, మిగతావి రెండేళ్లలో కొంచెం కొంచెంగా తీయండి.

చెట్టు మొత్తం కొట్టేయాలని ఎవరైనా అంటే, నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం ముందు అనుమతి తీసుకున్నారా అని అడిగే హక్కు మీకుంది.

వేప చెట్టు మంటలో మాడినట్టు ఎండింది

2021, 2022లో తెలంగాణలో ఊరూరా వేపలు ఇలా ఎండితే అందరం భయపడిపోయాం. టీ దోమ అనే రసం పీల్చే పురుగు (పేరుకే దోమ) పట్టిన లేత రెమ్మల మీద ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం కూడా చేరి కొనలను ఎండబెట్టింది. చెట్టు చచ్చిందో లేదో తెలుసుకోవడానికి గోటితో బెరడు కొద్దిగా గీకి చూడండి. లోపల పచ్చగా తడిగా ఉంటే బతికే ఉంది. ఆ చెట్టు మీద గొడ్డలి వేయకండి. చాలా వేపలు తర్వాత మళ్లీ చిగురించాయి.

ఎండు రెమ్మలు కోసి దూరంగా పారేయండి, పాదుకు నీళ్లు పెట్టండి. చెయ్యి అందే చిన్న వేపకయితే వ్యవసాయ అధికారిని అడిగి మందు కొట్టొచ్చు. నలభై అడుగుల చెట్టుకు నడివీధిలో పురుగుమందు కొడితే అది కిందికే దిగుతుంది, మనుషుల మీదికి. అందుకు నేను ఒప్పుకోను.

కాండం మీద ఇనుప చువ్వ లోపలికి దిగిపోయింది

తెలంగాణలో మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం 2015 జూలైలో మొదలైంది. అప్పటి మొక్కలు ఇప్పుడు తొడ లావు అయ్యాయి, చాలాచోట్ల వాటి చుట్టూ పెట్టిన ఇనుప గార్డులు మాత్రం అలాగే ఉన్నాయి. ఆకులో తయారైన తిండి బెరడు గుండానే వేర్లకు దిగుతుంది. కడ్డీ బిగుసుకుంటే ఆ దారి మూసుకుపోతుంది, పైన ఉబ్బుతుంది, కింద సన్నబడుతుంది. కట్టర్‌తో గార్డు కోసి తీయండి. అప్పటికే బెరడు మింగేసిన ముక్కను లాగకండి, రెండు వైపులా కోసి లోపలిది వదిలేయండి. సీరియల్ లైట్ల తీగలకు, ఫ్లెక్సీలు కట్టిన బైండింగ్ వైరుకు కూడా ఇదే పద్ధతి.

బెరడు మీద రంపపు పొట్టు, గూడు లాంటి జాలరు

బెరడు తినే పురుగు. పగలు కన్నంలో దాక్కుని రాత్రి బయటికి వస్తుంది. జాలరును గోనెపట్టాతో తుడిచి, కన్నంలోకి ఇనుప తీగ దూర్చి పురుగును చంపి, కిరోసిన్‌లో ముంచిన దూది పెట్టి బంకమట్టితో మూసేయండి.

మొదట్లో చెక్కలాంటి పుట్టగొడుగు

ఎర్ర తురాయి, పచ్చ తురాయి చెట్లకు ఎక్కువగా చూస్తాం. నున్నగా, గోధుమ రంగులో అరచేయంత ఉండే ఆ గొడుగు గానోడెర్మా అనే శిలీంధ్రం. అది బయటికి వచ్చేసరికి లోపల వేరు, మొదలు చాలావరకు కుళ్లి ఉంటాయి. చెక్క సుత్తితో తడితే డొల్ల చప్పుడు వస్తుంది. దీనికి మందు లేదు. పైన ఆకు కళకళలాడుతున్నా సరే, ఉద్యాన విభాగం వాళ్లను పిలిచి చూపించండి. పూలతో నిండిన చెట్టును తీసేయమని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ బస్టాపు పక్కన ఉన్న చెట్టు విషయంలో ఆలస్యం చేయకూడదు.

ఒక కొమ్మకు వేరే చెట్టు ఆకులు

బదనిక, చెట్టు మీదే బతికే పరాన్న మొక్క. మామిడి, వేప, కానుగలకు పడుతుంది. జిగురు గింజలను పిట్టలు కొమ్మలకు అంటిస్తాయి. పట్టిన చోటికి అడుగు కిందికి కొమ్మను కోయండి, కాయలు పండక ముందే. బదనికను మాత్రమే విరిస్తే మళ్లీ వస్తుంది.

భయపడక్కర్లేనివి

కానుగ, ఏడాకుల పాల ఆకుల మీద బొబ్బలు చూడ్డానికి బాగుండవు గానీ చెట్టుకు ప్రమాదం కాదు. బాదం ఆకు ఎర్రబడి రాలడం, రావి మాఘ ఫాల్గుణాల్లో బోసిపోవడం మామూలే. బెరడు మీది చెదమట్టి కూడా ఎక్కువగా ఎండిన పై పొర మీదే ఉంటుంది. దులిపి, కింద గట్టిగా ఉందో లేదో చూడండి.

నాటిన మొక్క రెండో వేసవి దాటలేదు

చనిపోయిన మొక్కను పెకలించి చూడండి. కవర్ తీయకుండా నాటారేమో, వేర్లు గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయేమో, కాండం జానెడు లోతున పూడిందేమో అక్కడే తెలుస్తుంది. ఈసారి గుంత లోతు కన్నా వెడల్పు ఎక్కువ తవ్వండి. కవర్ పూర్తిగా చించి తీయండి, చుట్టుకున్న వేర్లను విడదీయండి, కాండం కింద వెడల్పై వేర్లుగా విడిపోయే చోటు నేల మట్టానికి ఉండేలా నాటండి. అడుగున సూదితో కన్నం చేసిన ఇరవై లీటర్ల పాత నీళ్ల క్యాన్ పాదులో పెడితే నీళ్లు రోడ్డు మీదికి పారకుండా నెమ్మదిగా ఇంకుతాయి. మార్చి నుంచి తొలకరి దాకా వారానికి రెండుసార్లు నింపండి, కనీసం రెండు వేసవులు.