జెట్ కాక్‌పిట్‌లో సొంతంగా ఏసీ పెట్టుకునే ముందు: ఎండాకాలం జాగ్రత్తలు

టెక్సస్, ఆరిజోనా వైపు మే నెల దాటిందంటే చిన్న జెట్లు నడిపేవాళ్లందరిదీ ఒకటే గోల. కాక్‌పిట్‌లో ఉడికిపోతున్నాం, ఏదో ఒకటి చేయాలి. ఎల్-39 అల్బట్రాస్ ఉన్నవాళ్ల బాధ మరీ ఎక్కువ. 1968లో మొదటిసారి ఎగిరిన ఈ చెకోస్లొవాకియా శిక్షణ విమానాలు వాయుసేనల్లో పని అయిపోయాక అమెరికాలో ప్రైవేటు ఓనర్ల చేతికి చేరాయి. ఒకరి వెనుక ఒకరు కూర్చునే రెండు సీట్లు, తలల మీద మూతలా దిగే పెద్ద పారదర్శక కానోపీ. ఎండలో అద్దాలు బిగించి వదిలేసిన కారులో కూర్చుంటే ఎలా ఉంటుందో, హెల్మెట్ పెట్టుకుని, ఫ్లయింగ్ సూట్ వేసుకుని, బెల్టులు బిగించుకుని అందులో కూర్చుంటే అలా ఉంటుంది. అమెరికాలో సరదాగా ఫ్లయింగ్ నేర్చుకుని, స్నేహితులతో కలిసి విమానంలో వాటా కొనుక్కునే స్థాయికి వచ్చిన మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఈ వేసవిలో ఐస్ బాక్స్, పంప్, ఫ్యాన్ కలిపి సొంత ఏసీ చేసుకుందామనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఒక లెక్క వేసుకోండి. చల్లదనం మీకు ఎంతసేపు కావాలి? పైకి వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకు బయటి గాలి సుమారు 2 డిగ్రీలు చల్లబడుతుంది. రన్‌వే మీద 40 డిగ్రీలు ఉంటే 10,000 అడుగుల దగ్గర 20 డిగ్రీలే ఉంటుంది. జెట్ ఆ ఎత్తుకు కొన్ని నిమిషాల్లో చేరుతుంది. పైగా ఇంజిన్ నుంచి తీసుకున్న గాలిని చల్లబరిచి కాక్‌పిట్‌లోకి పంపే ఏర్పాటు విమానంలోనే ఉంది. ఇంజిన్ ఐడిల్‌లో, అంటే కనీస వేగంలో ఉన్నప్పుడు దానికి బలం చాలదు, అంతే. కాబట్టి అసలు కష్టమంతా బెల్టులు కట్టుకున్నప్పటి నుంచి టేకాఫ్ దాకా, మళ్లీ దిగాక హ్యాంగర్ దాకా. గట్టిగా అరగంట. నేల మీది ఈ అరగంట కోసం గాల్లో ప్రమాదం తెచ్చే వస్తువేదీ విమానంలోకి ఎక్కించకూడదు. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క మాట మీద ఆధారపడినవే.

అందుకే మొదట నేల మీద తీరే మార్గాలు చూడండి. విమానాన్ని చివరి నిమిషం దాకా హ్యాంగర్ నీడలోనే ఉంచి ట్రాక్టర్‌తో బయటికి లాగించండి. బయట ఆపాల్సి వస్తే కానోపీ మీద తెల్లటి కవర్ వేయండి. విమానం చుట్టూ నడిచి చేసే తనిఖీ, చెక్‌లిస్టులు, కంట్రోల్ టవర్ క్లియరెన్స్ అన్నీ కానోపీ మూయకముందే పూర్తి చేయండి. వీలైతే పొద్దున తొమ్మిదిలోపే ఎగరండి. ఇవన్నీ చేశాక కూడా వేడి భరించలేకపోతే, బయట నిలబెట్టే పోర్టబుల్ ఏసీ గొట్టాన్ని కాసేపు కాక్‌పిట్‌లోకి పెట్టి సీట్లను, ప్యానెల్‌ను చల్లబరచవచ్చు. నా ఉద్దేశంలో ఎక్కువమందికి ఇంతకు మించి అక్కర్లేదు.

ఈ పద్ధతిలో ఉన్న పెద్ద ప్రమాదం ఇంజిన్ నోరు. ఎల్-39లో గాలి లోపలికి పీల్చే నోళ్లు వెనుక కాక్‌పిట్ దాటగానే రెండు పక్కలా, భుజాల ఎత్తులో ఉంటాయి. ఐస్ తెచ్చిన ప్లాస్టిక్ సంచి, గొట్టానికి చుట్టిన టేపు ముక్క, నీళ్ల సీసా మూత, జారిపడిన క్లిప్, ఏదైనా సరే ఇంజిన్ తిరుగుతుంటే లోపలికి పోతుంది. ఇంజిన్‌లో గాలిని నొక్కే కంప్రెసర్ బ్లేడుకు తగిలిన చిన్న గాటు కూడా ఇంజిన్ విప్పాల్సిన పని పెడుతుంది. గొట్టం తీసేసి, ఏసీ యంత్రాన్ని దూరంగా జరిపి, చుట్టూ నేలంతా ఒకసారి చూసి, అప్పుడే స్టార్ట్ చేయాలి. ఐస్ నింపడం కూడా హ్యాంగర్‌లోనే. ఇంజిన్ తిరుగుతుండగా కానోపీ తెరిచి ఎవరూ ఐస్ అందించకూడదు, ఎంత దగ్గరివాళ్లైనా సరే.

ఇక ఐస్ బాక్స్ సంగతి. ఐస్ నీళ్లను చిన్న పంప్ రేడియేటర్‌లోకి తిప్పుతుంది, దాని మీదుగా ఫ్యాన్ గాలి కొడుతుంది. మిగతా సొంత తయారీలన్నిటికంటే ఇదే నయం, ఎందుకంటే ఇందులో గ్యాస్ లేదు, కంప్రెసర్ లేదు. ఒక కిలో ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి పీల్చుకుంటుంది. పది కిలోలు అరగంటలో కరిగితే లెక్క ప్రకారం సుమారు 1,850 వాట్లు, అంటే అర టన్ను ఏసీ కంటే కాస్త ఎక్కువ. రేడియేటర్ చిన్నదైతే, ఫ్యాన్ నీరసంగా ఉంటే అందులో కొంతే మీకు అందుతుంది. అయినా ఒకరిద్దరి ముఖానికి, ఛాతీకి గాలి తగలడానికి అది చాలు. ఎక్కువ చల్లదనం కోసం పాతిక, ముప్పై కిలోలు ఎక్కించే ఆలోచన మానుకోండి.

ఎందుకంటే ఆ బరువు ఊరికే కూర్చోదు. క్యాబిన్‌లో మనిషికి తగిలే వీలున్న వస్తువులు ముందువైపు 18 జీల (సొంత బరువుకు 18 రెట్ల) కుదుపును తట్టుకోవాలని అమెరికాలో చిన్న విమానాల ప్రమాణాల్లో చాలాకాలంగా ఉంది. వెనుక పెట్టిన బాక్స్ ఐస్, నీళ్లు, పంప్ అన్నీ కలిపి 16 కిలోలు అనుకుంటే, ఆ క్షణంలో అది 288 కిలోల బరువుతో ముందు కూర్చున్నవాళ్ల వీపు మీదికి వస్తుంది. రబ్బరు తాళ్లు, వెల్క్రో పట్టీలు అక్కడ ఎందుకూ పనికిరావు. విమాన నిర్మాణానికి బిగించిన గట్టి బిందువులకు, తగిన బలం ఉన్న పట్టీలతో కట్టాలి. కట్టాక వెనుక సీటు దగ్గరున్న స్టిక్‌ను (విమానాన్ని తిప్పే కర్రను) నాలుగు మూలలకూ, పెడళ్లను రెండు చివరలకూ కదిపి చూడండి. వెనుక సీటు ఖాళీగా ఉన్నా అక్కడి స్టిక్ ముందుదానితో పాటే కదులుతుంది. బాక్స్ అంచు గానీ, గొట్టం గానీ దానికి అడ్డుపడితే ముందున్న పైలట్ చేతిలో విమానం లేనట్టే.

ప్రమాదంలో పైలట్‌ను తనతో సహా బయటికి ఎగరగొట్టే ఎజెక్షన్ సీటులో మందుగుండు ఇంకా పనిచేసే స్థితిలో ఉంటే ఆ కాక్‌పిట్‌లో ఐస్ బాక్స్ మాటే వద్దు. సీటు మీద, దాని దారిలో, హ్యాండిళ్ల దగ్గర ఏ వస్తువూ ఉండకూడదు. ఐస్ బాక్స్ ఉన్న రోజు విన్యాసాలు కూడా చేయకండి. తలకిందులైనప్పుడు మూత తెరుచుకుంటే ఆ నీళ్లు, ఐస్ ముక్కలు ఎక్కడికి చేరతాయో ఎవరూ చెప్పలేరు. బరువు, గురుత్వ కేంద్రం లెక్క మళ్లీ వేయాలని వేరే చెప్పక్కర్లేదు. ఐస్ కరిగినా బరువు తగ్గదని మాత్రం గుర్తుపెట్టుకోండి.

నీళ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఒలికిన నీళ్లు నేల పలక కిందికి జారితే అక్కడ వైర్లు, కనెక్టర్లు, స్టిక్ కదలికను రెక్కలకు, తోకకు చేర్చే కంట్రోల్ రాడ్లు ఉంటాయి. ప్రామాణిక వాతావరణంలో 30,000 అడుగుల దగ్గర బయట మైనస్ 44 డిగ్రీలు. వెచ్చదనం అందని మూలకు చేరిన నీళ్లు అక్కడ గడ్డకడతాయి. కంట్రోల్ కదిలే చోట గడ్డకడితే అది బిగుసుకుపోతుంది. నేల మీద తుడుచుకుంటే పోయే తడి, పైన ప్రాణాల మీదికి వస్తుంది. అందుకని విడి ఐస్ కాకుండా, గట్టి సంచుల్లో గానీ, పూర్తిగా నింపని సీసాల్లో గానీ గడ్డకట్టించిన ఐస్ వాడండి. పంప్ తిప్పడానికి అవసరమైనన్ని నీళ్లే పోయండి. ప్రతి గొట్టం చివర క్లాంపు ఉండాలి. బాక్స్ కింద అంచులున్న ట్రే, అందులో నీళ్లు పీల్చే గుడ్డ పెట్టండి. రేడియేటర్ మీద చెమ్మ పట్టి కారే నీళ్లకు కూడా ఒక దారి చూపించాలి. దిగిన వెంటనే బాక్స్ ఖాళీ చేసి ట్రే తడిగా ఉందేమో చూడండి. తడిగా ఉంటే నేల పలక తీసి చూశాకే మళ్లీ ఎగరండి.

బాక్స్ మూతను గాలి చొరబడకుండా బిగించకండి. క్యాబిన్ ఒత్తిడి 8,000 అడుగుల ఎత్తులో ఉండే స్థాయికి తగ్గితే, లోపల చిక్కుకున్న నేల మీది గాలి మూతను పైకి తోస్తుంది. 40 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవున్న మూత నిజంగా గాలి పోనంత బిగుతుగా ఉంటే ఆ తోపు 600 కిలోలకు పైగా బరువుకు సమానం. చిన్న రంధ్రం చాలు, ఆ ఒత్తిడి పోగుపడదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. డ్రై ఐస్ వాడకండి. నీళ్లు ఉండవు, మైనస్ 78 డిగ్రీల చల్లదనం, దుకాణంలో దొరుకుతుంది, కాబట్టి ఇదే మంచిదని అనిపిస్తుంది. కానీ అది కరిగి నీరు కాదు, నేరుగా కార్బన్ డయాక్సైడ్ వాయువవుతుంది. పావుకిలో ముక్క ఆవిరైతే సుమారు 135 లీటర్ల వాయువు. రెండు ఘనమీటర్ల గాలి ఉన్న కాక్‌పిట్‌లో కానోపీ మూసి, గాలి మారకపోతే అది 6 శాతం దాటుతుంది. 4 శాతాన్నే ప్రాణానికి తక్షణ ప్రమాదంగా లెక్కిస్తారు. తలనొప్పి, ఆయాసం, చెమట, మతి తప్పినట్టు ఉండటం దీని లక్షణాలు. వడదెబ్బ లక్షణాలు కూడా దాదాపు ఇవే కాబట్టి, పైలట్ ఇది ఎండ వల్లే అనుకుని ఫ్యాన్ ఇంకా పెంచుతాడు. ఆ ఫ్యాన్ అదే వాయువును ముఖం మీదికి కొడుతుంది. ఆక్సిజన్ మాస్క్ ఉందిగా అంటారేమో, ఆక్సిజన్‌లో క్యాబిన్ గాలిని కలిపి ఇచ్చే రెగ్యులేటర్ అయితే ఆ గాలిలోనే విషం ఉంది. గట్టిగా మూసిన ఫ్లాస్కులో పెట్టినా అది పేలుతుంది. కొంచెమే వేస్తాను, కిటికీ తెరిచే ఉంటుంది, ఇలాంటి సర్దుబాట్లేవీ ఇక్కడ చెల్లవు.

ఇంటి ఏసీలోని, కారులోని కంప్రెసర్ తెచ్చి బిగించాలన్న ఆలోచన కూడా వద్దు. ఈ మధ్య ఇళ్ల ఏసీల్లో వస్తున్న ఆర్-32 గ్యాస్‌కు కొంతమేర అంటుకునే గుణం ఉంది. కార్లలో వాడే ఆర్-134ఏ సులభంగా అంటుకోదు గానీ మంటలో పడితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు పుడుతుంది. గొట్టం బయటికి తీయడానికి కాక్‌పిట్ గోడకు రంధ్రం వేయడం అంతకంటే పెద్ద తప్పు. ఒత్తిడి నిలిపే గోడలో రంధ్రం అంచు దగ్గరే భారమంతా పోగుపడుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. 1954లో బ్రిటన్ తయారీ కామెట్ ప్రయాణికుల జెట్‌లు గాల్లో విచ్ఛిన్నమైనప్పుడు దర్యాప్తు తేల్చింది ఇలాంటి లోహ అలసటనే.

కరెంటు విషయానికొస్తే, పడవల్లో వాడే పంపులు ఎక్కువగా 12 వోల్టులవి. ఎల్-39లో ఉండేది 28 వోల్టుల వ్యవస్థ. నేరుగా కలిపితే మోటారు కాలుతుంది. రేడియోలు, పరికరాలు ఉన్న బ్రేకర్ మీద దీన్ని ఎక్కించకండి. విడి బ్యాటరీ పెడితే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం మేలు, దాన్నీ బాక్స్ అంత గట్టిగానే కట్టాలి. ఫ్యూజు బ్యాటరీకి ఆనుకుని ఉండాలి, వైరు తట్టుకునేదానికి మించకూడదు. ఐస్ ముక్క అడ్డుపడి పంప్ ఆగిపోతే కరెంటు ఎక్కువ లాగుతుంది, అప్పుడు ముందుగా పోవాల్సింది ఫ్యూజు. మామూలు పీవీసీ వైరు కాలితే వచ్చే పొగ చిన్న కాక్‌పిట్‌లో ఊపిరాడనివ్వదు, విమానాలకు వాడే వైరే కొనండి. ఆఫ్ స్విచ్ బెల్టులు బిగించుకుని కూడా చేతికి అందాలి. ఫ్యాన్ మోటారులోని అయస్కాంతం దిక్సూచిని తిప్పేస్తుంది కాబట్టి, ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి దిక్సూచి చూసుకోండి. రేడియోలో గరగర వస్తుందేమో కూడా వినండి.

చల్లగాలిని కానోపీ అద్దం మీదికి తిప్పకండి. హ్యూస్టన్ లాంటి తేమ ఊళ్లలో చల్లబడిన అద్దానికి బయటివైపు చెమ్మ పడుతుంది, లోపలి నుంచి తుడిస్తే పోదు.

చట్టం మాట క్లుప్తంగా. సర్టిఫైడ్ జెట్‌లో సొంతంగా చేసిన ఏదీ శాశ్వతంగా బిగించడానికి వీల్లేదు, దానికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఆమోదం కావాలి. ఎల్-39లు సాధారణంగా ఎక్స్‌పెరిమెంటల్ కేటగిరీలో ఉంటాయి, అయినా ఆ విమానానికి ఇచ్చిన ఆపరేటింగ్ లిమిటేషన్లు (నడపడానికి పెట్టిన షరతులు) చదివి, మెకానిక్‌తో మాట్లాడాకే చేయి వేయాలి. తీసి పెట్టగలిగే బాక్స్ అయినా బాధ్యత పైలట్‌దే. ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పండి. ఇండియాలో రిజిస్టరైన విమానమైతే అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఒప్పుకున్న మార్పు తప్ప మరేదీ కుదరదు.

ఏసీ ఉంది కదా అని శరీరాన్ని వదిలేయకండి. ముందురోజు నుంచే నీళ్లు తాగండి, మజ్జిగ తాగితే మరీ మంచిది. చెమట ఆగిపోవడం, వికారం, చెక్‌లిస్టులో చదివిన లైనే మళ్లీ చదవడం, వీటిలో ఏది కనిపించినా టాక్సీ (రన్‌వే వైపు నేల మీద విమానాన్ని నడపడం) ఆపి వెనక్కి రండి. వేడికి రన్‌వే పొడవు కూడా చాలదని మరవద్దు. 2017 జూన్‌లో ఫీనిక్స్‌లో ఎండ 48 డిగ్రీలు దాటుతుందన్నప్పుడు ప్రాంతీయ జెట్ల సర్వీసులను పదుల సంఖ్యలో రద్దు చేశారు. కాక్‌పిట్ చల్లగా ఉన్నంత మాత్రాన రెక్కల కింది గాలి చిక్కబడదు, టేకాఫ్ లెక్క బయటి ఉష్ణోగ్రతతోనే వేయాలి.

అన్నీ సరిగ్గా కుదిరాయనిపిస్తే మొదట హ్యాంగర్‌లో ఇంజిన్ ఆపి, గంటసేపు బాక్స్ నడిపి చూడండి. ఆ తర్వాత టాక్సీ ఒక్కటే. మూడోసారి మాత్రమే గాల్లోకి, అదీ ఎయిర్‌పోర్టు చుట్టూ, ఉదయం చల్లటి వేళ, బాక్స్ లేకుండానే హాయిగా ఎగరగలిగే రోజున. టేకాఫ్‌కు వరుసలో నిలబడినప్పుడు పంప్, ఫ్యాన్ ఆపేయండి, ఆ పనిని చెక్‌లిస్టులో ఒక లైనుగా రాసుకోండి. గాల్లో కాలిన వాసన వచ్చినా, కాళ్ల దగ్గర తడి తగిలినా స్విచ్ ఆపి, దగ్గరలో ఉన్న రన్‌వే మీద దిగండి.