డార్క్ చాక్లెట్‌కి తోడు వేయడం ఎలా?

మనసు బాగోలేకపోతే డార్క్ చాక్లెట్ తినమని చెప్పేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. తినండి, నేనూ రోజూ తింటాను. కానీ పార్సిల్లో ఒకసారి కరిగి, మళ్ళీ గడ్డకట్టి, పైన తెల్లపొర కప్పుకొచ్చిన ముక్క కొరికి, "సున్నం తిన్నట్టుంది, దీంతో మనసేం తేలికపడుతుంది" అంటే మాత్రం ఊరుకోను. ఒంగోలు ఎండకి కరిగితే అది చాక్లెట్ తప్పు కాదు. ఇంట్లోనే కరిగించి, గట్టి చాక్లెట్ ముక్కలే తోడు వేసి, పద్ధతిగా పోసుకోండి.

సామాను పెద్దగా లేదు. 70 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్ 400 గ్రాములు, ఒక స్టీలు గిన్నె, అది మూతి మీద సరిగ్గా కూర్చునే తపేలా, రబ్బరు గరిటె, అచ్చులు, వంటింటి డిజిటల్ థర్మామీటరు. జ్వరం చూసే థర్మామీటరు పనికిరాదు. అది 32-35 సెల్సియస్ డిగ్రీల దగ్గర మొదలవుతుంది, మన అసలు పనంతా అంతకంటే కిందే. అచ్చులు లేకపోతే పళ్ళెంలో బటర్ పేపర్ పరవండి.

కొనేటప్పుడు మాత్రం అట్ట వెనక చదవండి. బేకరీ సామాన్ల కొట్లలో డార్క్ అని అడిగితే చాలాసార్లు కాంపౌండ్ చేతిలో పెడతారు. అందులో కోకో బటర్, అంటే కోకో గింజల కొవ్వు, బదులు హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ ఉంటుంది. కరిగించి పోస్తే చాలు, దానంతటదే గట్టిపడుతుంది, దాని కోసమైతే ఈ వ్యాసం చదవక్కర్లేదు. ఆరోగ్యం కోసమంటూ వనస్పతి తినడం ఏమిటో నాకైతే అర్థం కాదు.

తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టండి. గది ఏసీ 22లో ఉండాలి. మధ్యాహ్నం కొత్తపట్నం వైపు నుంచి సముద్రపు గాలి తిరిగాక మొదలుపెడితే గాలిలో తేమే సగం పని చెడగొడుతుంది. రోహిణి కార్తెలో అసలు వద్దు, కరెంటు పోయిందంటే అంతా పోయినట్టే.

చాక్లెట్ సన్నగా తరగండి. మెరిసే ముక్కలు ఏరి 100 గ్రాములు పక్కన పెట్టండి. తపేలాలో నీళ్ళు కాచి, పొయ్యి ఆపేసి, దాని మీద గిన్నె పెట్టి మిగతా 300 గ్రాములూ వేయండి. గిన్నె అడుగు నీళ్ళకి తగలకూడదు. 46 డిగ్రీలు రాగానే దించి అడుగు పొడిగుడ్డతో తుడవండి. ఒక్క నీటి చుక్క పడినా చాక్లెట్ ముద్దకట్టి ఇసకలా అయిపోతుంది. తడి గరిటె పెట్టి తిప్పినవాళ్ళు ఇక దాంట్లో పాలు పోసి సాస్ చేసుకోవడమే.

ఇప్పుడు అసలు సంగతి. అందరూ చేయి కాల్చుకునేది ఇక్కడే.

కోకో బటర్ ఆరు రకాలుగా పేరుకోగలదు. మనకి కావాల్సింది అందులో ఐదోది ఒక్కటే. అది సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకే ముక్క టప్పున విరుగుతుంది, 37 డిగ్రీలుండే నోట్లో పడగానే జారిపోతుంది. కరిగించిన చాక్లెట్‌ని ఊరికే చల్లారనిస్తే కింది రకాలు పేరుకుంటాయి. అప్పుడు వేలు తగిలితేనే మెత్తబడుతుంది, వారం తిరక్కుండా తెల్లబడుతుంది. ఆ ఐదో రకం పేరుకోవాలంటే పాలకి పెరుగు తోడేసినట్టు దీనికీ తోడు వేయాలి. పక్కన పెట్టిన 100 గ్రాములూ అందుకే.

కాగే పాలల్లో తోడేస్తే ఏమవుతుందో చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాళ్ళమే, ఇక్కడ మాత్రం తొందరపడతాం. 46 దగ్గర ముక్కలన్నీ ఒక్కసారే కుమ్మరిస్తే తోడు కూడా కరిగి కూర్చుంటుంది. 38కి దిగేదాకా తిప్పుతూ ఆగండి. అప్పుడు మూడోవంతు వేసి, గిన్నె అడుగు నుంచి గీరుతూ, బుడగలు రాకుండా నెమ్మదిగా తిప్పండి. అవి కరిగాక ఇంకో మూడోవంతు, ఆ తర్వాత మిగిలింది. 28కి దించండి. చాక్లెట్ చిక్కబడి గరిటెకి బరువుగా తగులుతుంది. ఇప్పుడు గిన్నెని మళ్ళీ వేడినీళ్ళ మీద ఐదారు సెకన్లు పెట్టి తీసి, తిప్పి, చూడండి. 31 రావాలి, 32 దాటకూడదు. 34 చూపించిందా, తోడు పోయింది, మళ్ళీ 46 నుంచే. ఇంకేం పరవాలేదులే అని పోసేయకండి.

తోడు ముక్కలు తెల్లపొర పట్టినవైతే ఎంత తిప్పినా లాభం లేదు. పోయిన మే నెలలో నాకు పార్సిల్లో వచ్చిన చాక్లెట్ దారిలో కరిగి గడ్డకట్టింది. దాన్నే తోడేసి రెండు గంటలు తిప్పాను. పాడైన పెరుగుతో తోడు పెట్టినట్టే అయింది.

పాలరాయి మీద పోసి అటూఇటూ పరిచే వీడియోలు చూసి మా మరదలు వంటింటి గట్టు మీద కుమ్మరించింది. చీమకుర్తి నల్ల గ్రానైట్ గట్టు, చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఏప్రిల్‌లో ఆ రాయే 33 ఉంటే చాక్లెట్‌ని ఏం చల్లారుస్తుంది? మైక్రోవేవ్ సంగతి ఎత్తకండి, అందులో ఒక మూల మాడితే గాని తెలియదు.

పోసే ముందు చాకు కొన ముంచి పక్కన పెట్టండి. ఐదు నిమిషాల్లో చారల్లేకుండా, వేలికి అంటకుండా గట్టిపడితే పోయండి. పైన వేయించిన చెనక్కాయ పప్పులు చల్లుకోండి. కిస్‌మిస్ వేయకూడదు. అచ్చులు రెండుసార్లు గట్టుకి తట్టి అదే గదిలో వదిలేయండి.

ఎంత తినాలంటే రోజుకి 20 గ్రాములు, మధ్యాహ్నం భోజనం తర్వాత. అందులో సుమారు 120 క్యాలరీలు, చెంచాన్నర చక్కెర ఉంటాయి, షుగర్ ఉన్నవాళ్ళు అది లెక్కలో వేసుకోవాలి. కోకోలోని ఫ్లావనాల్స్ అనే పదార్థాలు రోజుకి 200 మిల్లీగ్రాములు అందితే రక్తనాళాల సాగేగుణం నిలబడుతుందని 2012లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఒప్పుకుంది. కానీ కోకో గింజల్ని పులియబెట్టడం, వేయించడం, ఆల్కలీ కలపడంలో చాలా ఫ్లావనాల్స్ పోతాయి. 2022లో వచ్చిన అమెరికాలోని కాస్మోస్ అనే పరిశోధనలో 21 వేలకు పైగా పెద్దవయసువాళ్ళకి ఇచ్చింది చాక్లెట్ కాదు, కోకో సారం గుళికలు. అయినా గుండెజబ్బులు మొత్తంగా చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అదే ఏడాది అక్కడ ఒక వినియోగదారుల పత్రిక పరీక్షించిన 28 డార్క్ బార్లన్నిటిలోనూ సీసం, కాడ్మియం అనే విష లోహాలు కనిపించాయి. గర్భిణులకి, పసిపిల్లలకి రోజూ పెట్టొద్దని నేననేది అందుకే.

మనసు సంగతికొస్తే, అందులో ప్రేమ రసాయనం ఉందని వాట్సాప్‌లో తిరిగే మాట నమ్మకండి. వాళ్ళు చెప్పే ఫినైల్ ఇథైలమైన్ ఉన్నమాట నిజమే గాని మెదడు చేరేలోపే చాలావరకు విరిగిపోతుంది. కెఫీన్ లాంటిదే అయిన థియోబ్రోమిన్, కొద్దిగా కెఫీన్ కాస్త చురుకు ఇస్తాయి. నా మటుకు నాకు, ఆ ముక్క నాలుక మీద జారిపోయే అర నిమిషమే మందు. అది రావాలంటే ఇందాకటి 31 కుదరాలి.

దాచేది స్టీలు డబ్బాలో, మూత బిగించి. ఎండాకాలం ఫ్రిజ్ తప్పదు, కానీ చేపల పులుసు గిన్నె పక్కన పెట్టొద్దు, చాక్లెట్ ఏ వాసనైనా పీల్చేస్తుంది. బయటికి తీశాక అరగంట మూత తీయకండి, ముక్కల మీద చెమ్మ పడుతుంది.